పాతబస్తీ ఆషుర్ఖానాలు - సామూహిక శోకగీతము

హైదరాబాదు పాతబస్తీలో మొహర్రము దినములందు ఏ వీథికి పోయినను పాట వినవచ్చును. కాని దానిని పాట యని యచ్చటివా రెవ్వరును పిలువరు. మర్సియా చదివిరి, నౌహా చదివిరి అందురే గాని పాడిరని యనరు. రాగజ్ఞానము కలవాడు చెవి యొగ్గి వినినచో ఆ చదువులో ఏ రాగచ్ఛాయ యున్నదో చెప్పగలడు. అయినను దానిని సంగీతమన్నచో చదివినవాడు నొచ్చుకొనును. వినోదార్థమైన గానము ఇస్లాము ధర్మశాస్త్రజ్ఞులలో పెక్కుమందికి సమ్మతము కాదు. శోకము వినోదము కాదు గనుక, శోకమును స్వరయుక్తముగా చదువుట గానము కాదని యిచ్చటివారి సమాధానము. ఈ సన్నని గీటు మీదనే నాలుగు వందల యేండ్లకు పైగా ఒక గొప్ప ఆరాధనాగీత సంప్రదాయము నడచుచు వచ్చినది. పీర్ల పండుగ నెరుగని తెలుగు పల్లె యరుదు. ఆ పీర్ల వెనుకనున్న గీతవాఙ్మయమును గూర్చి మాత్రము తెలుగు చదువరులకు తెలిసినది స్వల్పము.

ఆ గీతములన్నిటికిని మూలమైన సంఘటన క్రీ.శ. 680వ సంవత్సరమున, అనగా హిజ్రీ 61 మొహర్రము నెల పదవ దినమున జరిగినది. ప్రవక్త మనుమడైన ఇమాం హుసేను కొలదిమంది బంధువులతోను అనుచరులతోను యూఫ్రటీసు నదికి చేరువనున్న కర్బలా మైదానమున యజీదు సైన్యముచే చుట్టుముట్టబడి, గ్రుక్కెడు నీరు దొరకక, ఆ దినమున వీరమరణము నొందెను. మిగిలిన స్త్రీలను పిల్లలను బందీలుగా గొనిపోయిరి. ఆ బందీలలో హుసేను సోదరి జైనబు ఒకతె. జరిగిన ఘోరమును నలుగురిలో వెల్లడించి విలపించిన తొలి కంఠము ఆమెదేయని షియాల విశ్వాసము. కావున శోకగీతము వారికి కేవలము కవిత్వము కాదు, సాక్ష్యము.

1502 ప్రాంతమున హేరాతు నగరమునందు హుసేను వాయిజు కాషిఫీ యను పండితుడు పారశీక భాషలో 'రౌజతుష్షుహదా' యను గ్రంథమును రచించెను. కర్బలా కథను సభలలో చదివి వినిపించు నాచారము ఈ గ్రంథముతో పారశీకము తెలిసిన దేశములన్నిట వ్యాపించెను. దక్కనులో అష్రఫు అను కవి ఆ మరుసటి సంవత్సరముననే, 1503లో, అదే కథను 'నౌసర్హారు' అను పేర దక్ఖినీలో కావ్యముగా వ్రాసెను. ఇది గమనింపదగిన విషయము. పండితులకు పారశీకము చాలును. కాని సభలో కూర్చుండి కన్నీరు పెట్టవలసినవారు పండితులు మాత్రమే కారు. తన యింటి భాషలో చెప్పని దుఃఖము తన దుఃఖము కాదు. ఈ సత్యమును దక్కను కవులు మొదటనే గ్రహించిరి.

1591లో హైదరాబాదు నగరమును నిర్మించిన మహమ్మదు కులీ కుతుబ్షా (పాలనాకాలము 1580-1612) దక్ఖినీలో పెద్ద కవి. వసంతోత్సవములను, వర్షాకాలమును, నగరాంగనలను వర్ణించిన ఆ కలమే మర్సియాలను కూడ వ్రాసినది. ఆయన కావ్యసర్వస్వమును డాక్టరు మొహియుద్దీన్ ఖాద్రీ జోరు సంస్కరించి 1940లో ప్రకటించెను. 1931లో ఇదారయె అదబియాతె ఉర్దూ సంస్థను స్థాపించి వ్రాతప్రతుల సేకరణకు పూనుకొనిన జోరుగారి వంటివారు లేకున్న ఈ వాఙ్మయములో చాలభాగము చెదపురుగుల పాలై యుండెడిది. అదే పట్టణమున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును నెలకొల్పినవారి దీక్షయు ఇట్టిదే. పుస్తకమును దాచినవాడు పుస్తకమును వ్రాసినవానికంటె తక్కువవాడు కాడు.

రాజు కవిత్వముతో తృప్తిపడక, చార్మినారునకు ఉత్తరముగా మూసీ యొడ్డుకు సమీపమున బాద్షాహీ ఆషుర్ఖానాను కట్టించెను. దాని నిర్మాణము 1592లో ఆరంభమైనది. గోడలను కప్పిన రంగురంగుల మెరుగు పలకల పని 1611 నాటికి ముగిసినది. నేలనుండి పైకి లేచు అలముల ఆకృతులు, షట్కోణములు, పూలతీగెలు గల ఆ గోడల యెదుట నిలిచినవానికి కుతుబ్షాహీల రసికత మరి వేరుగ చెప్పనక్కరలేదు. 1908 మూసీ వరదలలో దిగువ భాగపు పలకలు చెడిపోగా ఆ తావులను రంగులతో పూరించిరి. అలమనగా ధ్వజము. కర్బలాలో హుసేను పక్షమువారు పట్టిన ధ్వజమునకు ప్రతిరూపముగా లోహముతో చేసిన ఈ చిహ్నమునే తెలుగువారు పీరందురు.

అబ్దుల్లా కుతుబ్షా కాలపు (1626-1672) మొహర్రమును 'హదీఖతుస్సలాతీను' అను రాజచరిత్ర వర్ణించినది. నెల పొడుపు కనబడగానే రాజభవనమున మేళములు ఆగును. మాంసము, తాంబూలము నిషిద్ధములు. రాజు నల్లని దుస్తులు ధరించును. ఆషుర్ఖానాలో పది వరుసలుగా దీపములుండెడివి. ఒక్కొక వరుసకు వేయి దీపములు. మొదటి రాత్రి ఒక వరుస, రెండవ రాత్రి రెండు వరుసలు, ఇట్లు పదవ రాత్రికి పదివేల దీపములు వెలిగెడివి. ఆ దీపముల నడుమ మర్సియాలు చదువబడుచుండెను. నాటి దక్ఖినీ మర్సియాలు చిన్నవి. కథను సాంతముగా చెప్పుటకంటె ఒక్క దుఃఖఘట్టమును పట్టుకొని స్వరముతో సాగదీయుటకు అనువైనవి. అనగా అవి మొదటినుండియు సభలో పలువురి మధ్య స్వరముతో చదువుటకే పుట్టినవి.

ఈ గీతములలో అరబ్బు ఎడారి ఎంతమాత్రమో, దక్కను ఇల్లును అంత ఉన్నది. మొహర్రము ఏడవ దినము హుసేను అన్నకొడుకైన ఖాసిమునకు సంబంధించినది. అతనికి హుసేను కుమార్తెతో యుద్ధమునకు ముందుగనే వివాహము జరిగెననియు, పెండ్లికొడుకు ఆ వెంటనే రణమునకేగి మరలి రాలేదనియు కథ. ఆ దినమున పాతబస్తీ ఇండ్లలో గోరింటాకు పళ్లెములు అలముల యెదుట నుంచుదురు. గీతములలో పెండ్లికూతురి చేతి గోరింట ఇంకను ఆరకమునుపే గాజులు పగులును, ముక్కర తీయబడును. ఇవి అరబ్బు ఆచారములు కావు, మన ఆచారములు. కర్బలాలోని స్త్రీ దక్కను స్త్రీవలె ఏడ్చుచున్నదని చరిత్రకారు డాక్షేపింపవచ్చును. ఖాసిము వివాహ మసలు జరిగినదా యని మతాచార్యులలోనే వాదమున్నది. కాని వాదము ఎటు తేలినను ఏడవ రాత్రి సభలోని తల్లులకు ఆ గాజుల చప్పుడు వినబడకుండుట లేదు. ఆరాధనాగీతము నిలుచుట కిది ముఖ్య కారణము. విననివానికి అన్యదేశకథ, వినినవానికి పొరుగింటి కథ.

1687 సెప్టెంబరులో, ఎనిమిది నెలల ముట్టడి పిమ్మట, గోలకొండ ఔరంగజేబు వశమైనది. రాజాశ్రయము పోయెను. బాద్షాహీ ఆషుర్ఖానా దీపములారిపోయి, దశాబ్దముల పాటు ఆ మందిరము నిరాదరణకు లోనయ్యెను. కట్టడము మూతబడినను గీతము మూతబడలేదు. దక్ఖినీ కవులు పదునెనిమిదవ శతాబ్దమునను మర్సియాలు వ్రాయుచునే యుండిరి. అట్టివారిలో 'దీవానె హుసైనీ' రచించిన హాషిం అలీ పేరెన్నికగన్నవాడు. రాజుల దానములతో వెలిగిన దీపములు రాజులతోనే ఆరినవి. చేతివ్రాత పుస్తకములలో దాగిన పద్యములు చేతులు మారుచు బ్రతికినవి.

అసఫ్జాహీ ప్రభువులు సున్నీలు. అయినను రెండవ నిజాము, నిజాం అలీ ఖాను (1762-1803), బాద్షాహీ ఆషుర్ఖానాను మరల తెరపించి, వార్షిక వ్యయమునకు ఏర్పాటు చేసి, ముందు భాగమున కొయ్యస్తంభముల మండపమును చేర్చెను. తరువాతివారిలో ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాను తన తల్లి స్మృత్యర్థము దారుష్షిఫా ప్రాంతమున అజాఖానయె జహ్రాను కట్టించెను. ప్రధానమంత్రి మహారాజా కిషన్ ప్రసాదు, 'షాదు' అను కలముపేరుతో, హిందువై యుండియు హుసేను స్మృతిని గూర్చి ఉర్దూలో కవిత్వము చెప్పెను. ఇట్టివి నేటివారికి వింతగా తోచవచ్చును గాని నాటి హైదరాబాదులో ఎవ్వరికిని వింత కాలేదు.

ఈ యుగపు పెద్ద సంఘటన 1871లో లక్నో మహాకవి మీర్ అనీసు రాక. లక్నో విడిచి పోనని యుండిన అనీసు, 1857 విప్లవానంతరమున ఆ పట్టణపు వైభవమంతయు కూలగా, మొదట పాట్నాకును, తుదకు నవాబు తహవ్వుర్ జంగు ఆహ్వానముపై హైదరాబాదునకును వచ్చెను. లక్నోలో మర్సియా ఆరేసి పాదముల చరణములతో వందలకొలది పద్యముల వీరకావ్యముగా పెరిగి యుండెను. అనీసు దానిని రాగముతో చదువడు. గొంతు హెచ్చుతగ్గులతోను, కనుచూపుతోను, చేతి కదలికతోను మాత్రమే చదువును. దీనిని 'తహ్తుల్లఫ్జు' అందురు. దక్ఖినీలోని చిన్న గీతమునకు ఈ మహాకావ్యముతో పోటీ లేదు. అప్పటినుండి పాతబస్తీలోను చదువులో లక్నో మెరుగు హెచ్చెను. భాషకు వన్నె వచ్చినమాట నిజమే. దక్ఖినీలోని ఇంటివాసన కొంత తగ్గినమాటయు అంతే నిజము.

ఇక మజ్లిసు, అనగా శోకసభ, నడచు క్రమము చెప్పవలసియున్నది. ఈ వ్యాసమునకు ప్రాణమైన భాగ మిది. సభ మొదట సోజుతో ఆరంభమగును. సోజనగా దహించునది, మంట. నలుగురైదుగురు చదువరులు నేలపై కూర్చుందురు. నడుమనున్న ప్రధానుడు పద్యమును రాగముతో నెత్తుకొనును. ప్రక్కనున్నవారిని బాజూలందురు, అనగా భుజములు. వీరిలో కొందరు పదములలో కలిసివత్తురు. మరికొందరు మాటలేమియు పలుకక ఒక్క స్వరమును ఎడతెగక పట్టియుందురు. తంబూరా చేయవలసిన పనిని మనుష్యుల కంఠములు చేయుననుట. వాద్యమేదియు లేదు, తాళము వేయుట లేదు. పద్యము నడుమ మెచ్చుకోలుగా తల యూపుటకంటె కన్నీరు పెట్టుటయే చదువరికి సన్మానము. సోజు తరువాత సలాము, ఆపై మర్సియా. పిమ్మట జాకిరు మింబరుపై కూర్చుండి ఉపన్యసించి, తుదకు ఆనాటి అమరవీరుని మరణఘట్టమును వర్ణించును. సభ యంతయు గొల్లుమనును. అప్పుడు అందరును లేచి నిలుతురు. నౌహా మొదలగును.

నౌహాతో సభారూపమే మారిపోవును. ఇంతవరకు కొందరు చదువగా తక్కినవారు వినిరి. ఇక వినువాడు లేడు. మాతము చేయు యువకులు వలయముగా నిలుతురు. నౌహాఖ్వాను బయాజును, అనగా చేతివ్రాత పుస్తకమును, చేతబట్టి ఒక చరణము చదువును. పల్లవిని అందరును ఒక్క గొంతుతో అందుకొందురు. రొమ్ముపై పడు అరచేతుల దెబ్బయే తాళము. మొదట విలంబముగా, రానురాను వడిగా, వందల చేతులు ఒక్కమారు పడినప్పుడు ఆ శబ్దము మద్దెలలకంటె గంభీరముగా నుండును. సోజులోని పద్యము కఠినముగా నుండవచ్చును. నౌహాలోని మాట వీథిలోని మాట. చిన్న పాదములు, సులభమైన పల్లవి, బాలుడైనను ఒక్కసారి విని పట్టుకొనగల వరుస, ఇవి దాని లక్షణములు. ఆయుధములతో రక్తము చిందించు మాతమును గూర్చి షియా పండితులలోనే అభిప్రాయభేదములున్నవి. ఆ చర్చ ఇచ్చట అప్రస్తుతము.

ఆరాధనలో పాడవలసినవాడు నేర్పరియా, సభ యంతయునా యను ప్రశ్న ఈ ఊరిది మాత్రమే కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రములలో క్రైస్తవ స్తోత్రములకును ఇట్టి చరిత్రయే యున్నది. 1844లో జార్జియా రాష్ట్రమువారు కూర్చిన 'సేక్రెడ్ హార్పు' అను స్తోత్రగ్రంథమును పాడువారు నాలుగు ప్రక్కల చతురస్రముగా ఒకరికొకరు ఎదురెదురుగా కూర్చుందురు. నడుమ ఒకడు చేయి యూపుచు నడిపించును. శ్రోతల కచ్చట స్థానమే లేదు, వాద్యములును లేవు. తరువాత 1910లో టెనెస్సీలో జేమ్సు డి. వాన్ అను పుస్తక ప్రకాశకుడు తన స్తోత్రసంపుటములు అమ్ముడుపోవుటకై నలుగురు గాయకుల జట్టు నేర్పరచి ఊరూర త్రిప్పెను. అటు పిమ్మట ఆ జట్లే ప్రసిద్ధికెక్కి, సభలోనివారు పాడుటకు మారుగా విని ఆనందించువారైరి. నేర్పు హెచ్చిన కొలది సభ మూగబోవు నపాయము ఎల్లచోట్ల నున్నది. పాతబస్తీవారు ఈ చిక్కును విచిత్రముగా తీర్చుకొనిరి. నేర్పరికి సోజులో చోటిచ్చిరి, సభకు నౌహాలో చోటిచ్చిరి. ఒకే మజ్లిసులో రెండును ఒకదాని వెనుక ఒకటి నడచును. ఏదియు రెండవదానిని మ్రింగలేదు.

స్త్రీల మజ్లిసులు వేరుగ జరుగును. అచ్చట జాకిరాయు, నౌహా చదువునదియు, మాతము చేయువారును స్త్రీలే. పాతబస్తీలో యాద్గారె హుసైనీ యను ఆషుర్ఖానా స్త్రీల నిర్వహణముననే నడచునట్టిది. పురుషుల ఊరేగింపులను చూచి వ్రాసినవారు పెక్కుమంది. ఇంటిలోపలి గీతములను చెవినిడి వ్రాసినవారు చాల కొద్దిమంది. ఖాసిము కథలోని పెండ్లిపాటల పోలికలును, జోలపాటల వరుసలును ఆ సభలలోనే ఎక్కువగా నిలిచినవని తలచుట సహజము. ఆరునెలల పసివాడైన అలీ అస్గరు దప్పికతో అలమటించుచు బాణము తగిలి మరణించిన ఘట్టమును తల్లులకంటె బాగుగా ఎవరు చదువగలరు?

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరెను. 1949లో జాగీర్లు రద్దయినవి. దేవిడీలలో మజ్లిసులు జరిపి, చదువరులకు శాలువలు కప్పిన నవాబుల ఆదాయము ఎండిపోయెను. 1687లో వలెనే మరల ఆశ్రయము తప్పినది. ఈ మారు సంప్రదాయమును భుజముపై వేసికొనినవి గురోహులనబడు మాతము జట్లు. దారుష్షిఫా, నూర్ఖాన్ బజారు, దబీర్పురా, పురానీ హవేలీ మొదలగు మొహల్లాల యువకులు వీనిలో చేరిరి. గుమాస్తాలు, చిల్లర వర్తకులు, విద్యార్థులు తమలో తాము చందాలు వేసికొని సభలు నడిపిరి. ప్రతి జట్టునకును తన నౌహాఖ్వానులు, తన కవులు, తన వరుసలు. ఏటేట క్రొత్త నౌహాలు వ్రాయించి చదువుట పోటీగా సాగెను. నవాబు దేవిడీలో సోజు రాణించినది. మొహల్లాలో నౌహా రాణించినది. సోజు నేర్చుటకు గురువు కావలెను, ఏండ్లు కావలెను. స్వరలిపి లేని విద్య యగుటచే గురువుతో పాటు వరుసయు మాయమగును. కావున ఈ మార్పులో నష్టపడినది సోజే. నౌహాలలో సినిమా వరుసలు చొరబడినవని పెద్దలు గొణుగుట కలదు. క్యాసెట్లు వచ్చిన తరువాత ఇతర పట్టణముల, ఇతర దేశముల నౌహాలును వచ్చి కలిసినవి. పెద్దల బాధలో న్యాయము లేకపోలేదు. కాని వరుస తెలిసినదైనప్పుడే వందమంది ఒక్కసారి అందుకొనగలరన్నదియు మరువరాదు.

మూసీ దాటి పల్లెలకు పోయినచో దృశ్యము వేరు. ముస్లిము కుటుంబ మొక్కటియు లేని ఊళ్లలోను పీర్ల చావిడి యుండును. హసన్ హుసేనులు అచ్చట ఆశన్న ఊశన్నలు. పీరు నెత్తువాడు ఏ కులమువాడైనను కావచ్చును. అలావా యను నిప్పుగుండము చుట్టును దప్పుల మ్రోతతో అడుగులు వేయుచు తెలుగు పదములు పాడుదురు. పాతబస్తీలో బీబీ కా అలావా అను ఆషుర్ఖానా పేరులోని అలావాయు ఇదే. పట్టణపు షియా సంగీతవాద్యములను దూరముగా నుంచును. పల్లెవాడు దప్పు లేనిదే పీరును కదలనీయడు. ఒకరికి ఇది శోకము, మరియొకరికి మ్రొక్కుబడి. ఇద్దరు పిలుచు పేరు మాత్ర మొక్కటే.

తెలుగు ఆరాధనాగీతముల తక్కిన శాఖలును ఈ నేలతో సంబంధము లేనివి కావు. తానాషా కాలమున (1672-1687) గోలకొండ చెరలో నున్న కంచెర్ల గోపన్న, భద్రాచల రామదాసై, భజనగోష్ఠులకు కీర్తనల నిచ్చెను. నాయకుడు పాడగా తక్కినవారందుకొను ఆ పద్ధతి నౌహా పద్ధతికి మిక్కిలి దగ్గర. పురుషోత్తమ చౌదరి (1803-1890) 1833లో క్రైస్తవమత స్వీకారము చేసి, పాశ్చాత్యుల వరుసలకు మాటలు అతుకుటకు మారుగా, పల్లవి చరణములతో మన రాగములలోనే క్రైస్తవ కీర్తనలను రచించెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదకు మహాదేవాలయమున గుంపుకూడు రైతుకూలీల నోట అట్టి కీర్తనలే పలికినవి. దక్ఖినీ మర్సియాకారులు, రామదాసు, చౌదరి, వీరు ఒకరినొకరు అనుకరించినట్లు ఆధారములేవియు లేవు. ప్రజల నోటికి పట్టు మాటయు వరుసయు వెదకిన ముగ్గురును ఇంచుమించు ఒక్క తావునకే చేరిరి.

పదవ దినమున బీబీ కా అలము ఏనుగుపై దబీర్పురానుండి బయలుదేరును. ఈ అలములో ప్రవక్త కుమార్తె ఫాతిమాకు అంత్యస్నానము చేయించిన పలక తునుక పొదుగబడినదని ప్రసిద్ధి. చార్మినారు మీదుగా సాగు దారి పొడవునను గురోహులు ఒకదాని వెనుక నొకటి నౌహాలు చదువుచు, సాయంకాలమునకు మూసీ యొడ్డునున్న చాదర్ఘాటునకు చేరును. ఆ రాత్రి షామె గరీబాను. ఇండ్లలో దీపములు తగ్గింతురు. అనాథలైన స్త్రీలు పిల్లలు కాలిన గుడారముల నడుమ గడిపిన రాత్రి యది. మొహర్రము పదియవ దినముతో పల్లెలలో పీర్లు నీట మునిగి పండుగ ముగియును. పాతబస్తీలో మాత్రము సభలు ఆగవు. నలుబదవ దినపు అర్బయీను దాటి, మొత్తము రెండు నెలల ఎనిమిది దినములు మజ్లిసులు నడచును. రబీవుల్ అవ్వలు ఎనిమిదవ నాడు అల్విదా నౌహాలు చదివి హుసేనును సాగనంపుదురు. మరునాడు నల్లని వస్త్రములు విడిచి రంగుబట్టలు కట్టుదురు. బయాజులు మరుసటి యేటివరకు పెట్టెలకెక్కును.